చూపు ఎంత వేగంగా గెంతుతుంది?

హైదరాబాదు పాతబస్తీలో, 1591లో కట్టిన చార్మినారు ముందు నిలబడ్డారనుకోండి. ఒక మినారు నుంచి పక్క మినారుకు చూపును మెల్లగా, ఎక్కడా ఆగకుండా జరపగలరా? ఎంత ప్రయత్నించినా చూపు గెంతులు వేస్తూనే పోతుంది. ఎదురుగా నిలబడిన స్నేహితుణ్ణి మీ కళ్ళను గమనించమనండి. మరి మక్కా మసీదు మీద ఎగిరే పావురాన్ని చూడండి. ఈసారి కళ్ళు దాని వెంట సాఫీగా జారతాయి!

ఈ గెంతు వేగాన్ని ఎలా కొలుస్తారు? కంటి కదలికలను పట్టే కెమెరా వేగాన్ని చెప్పదు. కన్ను ఎన్ని డిగ్రీల కోణంలో ఉందో మాత్రమే చెబుతుంది. అది సెకనుకు 250 సార్లు, అంటే 4 మిల్లీసెకన్లకు ఒకసారి కొలుస్తుందనుకుందాం. కిలోమీటరు రాళ్ళను బట్టి బస్సు వేగం కట్టినట్టే, రెండు కోణాల తేడాను కాలంతో భాగిస్తే వేగం వస్తుంది. దీనినే సంఖ్యాత్మక అవకలనం అంటారు.

ఇక్కడే ఒక చిక్కుంది. ప్రతి కొలతలోనూ 0.1 డిగ్రీ పొరపాటు ఉండవచ్చు. కన్ను కదలకపోయినా, ఒక కొలత 0.1 ఎక్కువగా, పక్కది 0.1 తక్కువగా వస్తే తేడా 0.2. దానిని 0.004 సెకనుతో భాగించండి: సెకనుకు 50 డిగ్రీలు! వేగం 30 దాటితే గెంతు అని నియమం పెట్టుకుంటే, లేని గెంతు లెక్కకెక్కుతుంది.

ఉపాయమేమిటి? నడిమి కొలతను వదిలి, దాని ముందూ వెనుకా ఉన్నవాటి తేడా తీయాలి. కాలం 0.008 సెకను అవుతుంది. దొంగ వేగం 25కు తగ్గుతుంది. ఇంకా ఎడంగా, 0.016 సెకను తీసుకుంటే 12.5 మాత్రమే.

అలా అని మరీ ఎడం పెంచకూడదు. ఒక చిన్న గెంతులో కొలతలు ఇవి: 0.2, 0.9, 2.0, 3.1, 3.8. నడుమ వేగం (3.1 – 0.9) ÷ 0.008 = 275. చివరి కొలతలతో కడితే (3.8 – 0.2) ÷ 0.016 = 225. అసలు వేగమే తగ్గిపోయింది! కొన్ని మెదడు జబ్బులలో చూపు గెంతులు నిజంగానే నెమ్మదిస్తాయి. వైద్యులు ఆ వేగాన్ని గమనిస్తారు. లెక్క తప్పితే మంచి కన్ను కూడా జబ్బు కన్నులా కనబడవచ్చు.

ఇప్పుడు మీ వంతు. పావురం వెంట జారే కన్ను కొలతలు 0, 0.1, 0.2, 0.3, 0.4 అనుకోండి. రెండు విధాలా వేగం కట్టండి. రెండుసార్లూ ఒకే జవాబు ఎందుకు వచ్చిందో ఆలోచించండి!