ముంబయిలో రెండు దినములు

మన దేశమునందలి మహానగరములలో ముంబయికి ఒక విశేషము కలదు. తక్కిన నగరములు ఉన్న నేలపై వెలసినవి. ఈ నగరము సముద్రమునుండి నేలను సంపాదించుకొని పెరిగినది. ఒకప్పుడు ఇచ్చట ఏడు చిన్న దీవులు మాత్రమే యుండెను. కోలీలు అను బెస్తవారు వానిలో చేపలు పట్టి జీవించుచుండిరి. వారు కొలుచు ముంబాదేవి పేరిటనే నగరమునకు ఈ పేరు కలిగినది. 1661వ సంవత్సరమున పోర్చుగల్ రాజకుమార్తె వివాహపు ఒడంబడికలో ఈ దీవులు ఇంగ్లండు రాజగు రెండవ చార్లెసునకు అరణముగా లభించెను. ఆయన 1668లో వానిని ఏటికి పది పౌనుల కౌలునకు ఈస్టిండియా కంపెనీకి ఇచ్చివేసెను. పిమ్మట గుట్టలను చదును చేసి, పల్లములను పూడ్చి, సముద్రమునకు అడ్డుకట్టలు పోసి, క్రమక్రమముగా ఏడు దీవులను ఒక్కటిగా చేసిరి. 1995 వరకు బొంబాయి అని వ్యవహరింపబడిన నగరము ఇదియే.

నేడు ముంబయి మహారాష్ట్రమునకు రాజధాని. వర్తకమునకును, ధనమునకును, చలనచిత్రములకును ఆటపట్టు. మన దేశపు తొలి కథాచిత్రమగు 'రాజా హరిశ్చంద్ర' 1913లో ఇచ్చటనే ప్రదర్శింపబడెను. తొలి తెలుగు టాకీయగు 'భక్త ప్రహ్లాద' కూడ 1932లో ఈ నగరముననే నిర్మింపబడినది. కావున ముంబయి పేరు వినగానే మేడలును, దీపములును, సినిమా తారలును మన కన్నులయెదుట మెదలుట సహజము. అట్టి నగరమును చూడవలెనని చిరకాలముగా నాకు కోరిక యుండెను. గత శీతకాలమున నేనును, నా బాల్యమిత్రుడొకడును కలిసి హైదరాబాదునుండి రైలులో బయలుదేరితిమి.

నా మిత్రునకు మాత్రము ఈ యాత్ర కేవలము వినోదయాత్ర కాదు. అతడు మహబూబునగరము జిల్లాకు చెందినవాడు. ఆ జిల్లాకు పాలమూరు అని ప్రాతపేరు. వానలు తప్పినప్పుడెల్ల అచ్చటి నిరుపేదలు తట్టయు, పారయు పట్టుకొని దూరదేశములకు వలసపోవుట తరతరములుగా జరిగినది. దేశమునందలి పెక్కు ఆనకట్టలయందును, కాలువలయందును పాలమూరు కూలీల చెమట కలసియున్నది. నా మిత్రుని తాత రాతిపని యెరిగినవాడు. ఆయన మొదటి ప్రపంచయుద్ధపు రోజులలో బొంబాయికి పోయెను. ఏటికొకసారి ఉగాదికి ఇంటికి వచ్చి, నాలుగు దినములుండి, మరల పోవుచుండెను. ఒక ఏడు ఉగాది వచ్చెను గాని ఆయన రాలేదు. ఆయన ఎచ్చట పనిచేసెనో, ఎచ్చట కన్నుమూసెనో చెప్పువారు లేకపోయిరి. "మా తాత కట్టిన గోడ ఏదో నాకు తెలియదు. అయినను ఆ ఊరి గోడలను ఒకసారి చూడవలెను" అని నా మిత్రుడు అనెను.

రాత్రి మా రైలు షోలాపురము, పూనా దాటి, లోణావళావద్ద కనుమలలోనికి దిగెను. ఒక సొరంగము వెంబడి మరియొక సొరంగము వచ్చుచుండెను. భోర్ కనుమయని పిలువబడు ఈ మార్గమున ఇనుపదారి 1863లో పూర్తియైనది. కొండలను తొలిచి దారి చేయు ఆ పనిలో వేలకొలది కూలీలు జబ్బులకును, ప్రమాదములకును బలియైరి. తోటి ప్రయాణికులందరు నిద్రించుచుండగా నా మిత్రుడు కిటికీయొద్ద కూర్చుండి ఆ చీకటిలోనికే చూచుచుండెను.

తెల్లవారుజామున మేము ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినసులో దిగితిమి. ఒకప్పుడు దీనిపేరు విక్టోరియా టెర్మినసు. మన దేశమున తొలి ప్రయాణికుల రైలు 1853 ఏప్రిల్ 16వ తేదీన దీని సమీపమునందలి బోరీబందరు నుండి బయలుదేరి, 34 కిలోమీటర్ల దూరమున నున్న ఠాణా చేరెను. ఇప్పటి కట్టడము 1878లో ప్రారంభమై, సుమారు పదియేండ్లకు పూర్తియైనది. ఎఫ్. డబ్ల్యూ. స్టీవెన్సు అను ఇంజనీరు దీనికి రూపకల్పన చేసెను. ద్వారమున ఒక వైపు సింహమును, ఒక వైపు పులియు కలవు. సింహము ఇంగ్లండునకును, పులి భారతదేశమునకును గుర్తులట. గోడలపై నెమళ్లు, కోతులు, తీగలు, ఆకులు చెక్కబడియున్నవి. ఈ అలంకారములలో పెక్కింటిని నగరమునందలి జె. జె. కళాశాల విద్యార్థులు తీర్చిరి. 2004లో యునెస్కో సంస్థ దీనిని ప్రపంచ వారసత్వ సంపదలలో చేర్చినది.

ఇంత సుందరమైన భవనము ఒక ఘోరమునకును సాక్షియైనది. 2008 నవంబరు 26వ తేదీ రాత్రి ఉగ్రవాదులు ఇచ్చట కాల్పులు జరిపి పలువురను చంపిరి. ఆ సమయమున రైళ్ల రాకపోకలను ప్రకటించు ఉద్యోగి ఒకరు తన స్థానమును విడువక, ఏ దారిని పోయిన క్షేమమో ప్రయాణికులకు మైకులో పదే పదే చెప్పి, అనేకుల ప్రాణములను కాపాడిరి. ఆ విషయము తలచుకొనుచు మేము కొంతసేపు ఆ రద్దీలో ఒక ప్రక్కగా నిలిచితిమి. నిమిషమునకొక రైలు వచ్చుచుండెను. జనము వరదవలె దిగి పోవుచుండిరి.

పదకొండు గంటల వేళకు మేము చర్చిగేటు స్టేషను వెలుపలికి చేరితిమి. అచ్చట మేము చూచిన దృశ్యము మరపురానిది. తెల్లటోపీలు ధరించిన మనుష్యులు పొడవైన పలకలపై అన్నపు క్యారియర్లను తలకెత్తుకొని వచ్చి, కాలిబాటపై దింపి, క్షణములలో వేరుచేసి, సైకిళ్లకు తగిలించుకొని పోవుచుండిరి. వీరిని డబ్బావాలాలందురు. ఇంటిలో వండిన అన్నమును కార్యాలయమునకు చేర్చి, ఖాళీ డబ్బాను మరల ఇంటికి చేర్చుట వీరి వృత్తి. ఇది 1890లో మొదలైనది. ఒక్కొక్క డబ్బా పలువురి చేతులు మారును. అయినను మూతపై వ్రాసిన రంగులు, అక్షరములు, అంకెలు చూచి, వారు దానిని సరియైన మేడకు, సరియైన అంతస్తునకు చేర్తురు. ఒకప్పుడు సుమారు 5000 మంది దినమునకు రెండు లక్షల డబ్బాలవరకు మోయుచుండెడివారు. 2020లో మహమ్మారి వచ్చిన పిమ్మట వీరి సంఖ్య బాగుగా తగ్గినది.

అచ్చటినుండి విశ్వవిద్యాలయపు ఆవరణమునందలి రాజాబాయి గడియారస్తంభమును చూచితిమి. దాని ఎత్తు 280 అడుగులు. ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ అను వర్తకుడు ధనమిచ్చి, దానికి తన తల్లి పేరు పెట్టించెను. 1878లో అది పూర్తియైనది. తల్లిపై భక్తి ఇట్లు ఆకాశమునంటినది కదా యని మేము అనుకొంటిమి.

మధ్యాహ్నము భారత ద్వారము అనదగిన గేట్‌వే ఆఫ్ ఇండియాకు చేరితిమి. 1911లో అయిదవ జార్జి చక్రవర్తి ఇచ్చట ఓడ దిగెను. ఆ సంఘటనకు స్మారకముగా 85 అడుగుల ఎత్తుగల ఈ తోరణమును పసుపు వన్నె రాతితో కట్టిరి. జార్జి విటెట్ అను శిల్పి దీనిని రూపొందించెను. 1924లో ఇది పూర్తియైనది. చక్రవర్తి రాకకై కట్టిన ఈ ద్వారముగుండనే 1948 ఫిబ్రవరి 28వ తేదీన బ్రిటిషు సైన్యపు చివరి దళము మన దేశమును విడిచిపోయెను. ఎదురుగ తాజ్‌మహల్ హోటలు కలదు. జంషెడ్జీ టాటా కట్టించిన ఆ భవనము 1903లో ప్రారంభమైనది.

తోరణముపై రాజు పేరు చెక్కియున్నది. రాణి పేరు చెక్కియున్నది. వారు దిగిన తేదీ చెక్కియున్నది. నా మిత్రుడు వానిని చదివి, దగ్గరకు పోయి, రాతిపై అరచేయి ఆనించి చాలసేపు నిలుచుండెను. "ఈ రాళ్లను పేర్చిన సంవత్సరములలోనే మా తాత ఈ ఊరిలో నుండెను. ఆయన చేయి ఈ రాతికి తగిలెనో, లేదో!" అనెను. నాకు బదులు తోచలేదు. చుట్టును జనులు నవ్వుచు, ఫోటోలు తీసికొనుచుండిరి.

సాయంకాలము మెరీన్ డ్రైవ్ అను సముద్రతీర మార్గమున నడచితిమి. సముద్రమును పూడ్చి నిర్మించిన ఈ మార్గము సుమారు మూడున్నర కిలోమీటర్లు వంపు తిరిగియుండును. ఒకవైపు అరేబియా సముద్రము. ఒకవైపు బారులు తీరిన మేడలు. ప్రొద్దు క్రుంకగానే దీపములన్నియు ఒక్కసారిగా వెలిగెను. ఎత్తునుండి చూచువారికి ఆ దీపముల వరుస ముత్యాలహారమువలె కన్పట్టును. అందుచేత దీనికి 'రాణిహారము' అను పేరు వచ్చినది. ముంబయి సౌందర్యమునుగూర్చి వినినదంతయు నిజమేయని ఆ సంధ్యవేళ నాకు తోచినది.

రెండవదినము ఉదయము లాంచి ఎక్కి ఒక గంటలో ఎలిఫెంటా దీవికి పోయితిమి. దీని అసలు పేరు ఘారాపురి. ఇచ్చట నొక పెద్ద రాతియేనుగును చూచి పోర్చుగీసువారు దీవికి ఎలిఫెంటా యని పేరు పెట్టిరి. మెట్లెక్కి పైకి పోగా, కొండను తొలిచి చేసిన శివాలయము కన్పించును. ఇది సుమారు ఆరవ శతాబ్దినాటిదని చరిత్రకారుల అభిప్రాయము. లోపలి గోడయందు మూడు ముఖముల సదాశివమూర్తి ఇరువది అడుగులకు చేరువైన ఎత్తున వెలయుచున్నది. ఒక ముఖము రౌద్రము, ఒకటి సుకుమారము, నడిమిది పరమశాంతము. నా మిత్రుడు రాతిపనివాని మనుమడు కదా! "కట్టిన గోడ తప్పిపోయిన విప్పి మరల కట్టవచ్చును. తొలిచిన కొండను మరల పూడ్చలేము. ఎంత నిబ్బరముగల చేతులో!" అని ఆశ్చర్యపడెను. ఆ చేతులు ఎవరివో చెప్పు శాసనము అచ్చట మాకు కానరాలేదు.

తిరిగివచ్చిన పిమ్మట వర్లీ ప్రాంతమునకు పోయితిమి. తెలుగువారికిని ముంబయికిని గల సంబంధము చాల ప్రాతది. నిజాము రాజ్యమునుండి కట్టుబడి పనులకై వచ్చిన తెలుగు కూలీలను ఇచ్చటివారు కామాఠీలనిరి. వారు నివసించిన పేట నేటికిని కామాఠీపురా యను పేరనే యున్నది. వారి వెనుక తెలంగాణమునుండి నేతపనివారు వచ్చి నూలుమిల్లులలో చేరిరి. ఈ నగరమున తొలి నూలుమిల్లు 1854లో స్థాపింపబడెను. కాలక్రమమున పదులకొలది మిల్లులు వెలసెను. 1982 జనవరిలో సుమారు రెండున్నర లక్షల మిల్లు కార్మికులు సమ్మె చేసిరి. ఆ సమ్మె ఏడాదికి పైగా సాగెను. పెక్కు మిల్లులు మరల తెరువబడలేదు. వాని స్థలములలో నేడు అద్దాల మేడలు నిలిచియున్నవి. నడుమ నడుమ ఒక ప్రాత పొగగొట్టము మాత్రము మిగిలియున్నది.

ఒక సందులో తేనీటి అంగడివద్ద మేము తెలుగున మాటలాడుకొనుచుండగా, బల్లపై కూర్చున్న వృద్ధుడొకడు తలయెత్తి, "ఏ జిల్లా సారూ మీది?" అని అడిగెను. నా మిత్రుడు పాలమూరని చెప్పెను. "మాది కరీంనగర్. మా నాయిన మిల్లుల పనికి వచ్చిండు. నేను గూడ మిల్లులనే చేసిన, సమ్మె దాక. పుట్టింది ఈడనే, ఊరు రెండుసార్లే చూసిన. గాని ఇంట్ల మాత్రం తెలుగే సారూ" అని ఆతడు సంతోషముగా పలికెను. నా మిత్రుడు తన తాత సంగతి చెప్పి, ఆ కాలపు కూలీల పేర్లు ఎచ్చటనైన వ్రాసియుండునా యని అడిగెను. వృద్ధుడు కొంతసేపు ఊరకుండి, "అప్పట్ల వచ్చినోళ్ల పేర్లు ఎవరు రాసిపెట్టిన్రు సారూ? తెల్లారితే పని, పొద్దుగూకితే పండుడు. మీ తాత పేరేంది, చెప్పుండ్రి" అనెను. నా మిత్రుడు చెప్పెను. ఆతడు ఆ పేరును మెల్లగా ఒకసారి పలికి, రెండు చేతులు జోడించెను. తేనీటికి మమ్ము పైకమియ్యనీయలేదు. ఆ రాత్రియే మేము తిరుగురైలు ఎక్కితిమి.

విద్యార్థులారా! మీరును ఒకనాడు ముంబయిని చూతురు గాక. ఆ మేడలను, తోరణములను, సముద్రతీర దీపములను కన్నులార చూచి ఆనందింపుడు. అయితే కట్టించినవారి పేర్లు చదివి ఊరకుండక, కట్టినవారెవరని కూడ అడుగుడు. ఈ ప్రశ్న అడుగుటకు అంతదూరము పోనక్కరలేదు. మీ ఊరి చెరువుకట్ట ఎవరు పోసిరి? మీ పాఠశాల గోడ ఎవరు కట్టిరి? తెలిసిన పెద్దలు ఇంకను బ్రతికియుండగనే వారిని అడిగి, ఆ పేర్లను ఒక పుస్తకమున వ్రాసియుంచుడు. వ్రాయని పేరు ఒక తరము దాటిన పిమ్మట దొరకదు.

ప్రశ్నలు

1. ఏడు దీవులు ఒక నగరముగా ఎట్లు మారినవి?
2. డబ్బావాలాలు డబ్బాలను పొరపాటు లేకుండ ఎట్లు చేర్తురు?
3. గేట్‌వే ఆఫ్ ఇండియాయొద్ద రచయిత మిత్రుడు రాతిపై చేయి ఎందుకు ఆనించెను?
4. తెలుగువారికిని ముంబయికిని గల సంబంధమును వివరింపుడు.
5. మీ గ్రామమునందలి ఒక ప్రాత కట్టడమునుగూర్చి పెద్దలనడిగి, దానిని కట్టినవారి వివరములు పది వాక్యములలో వ్రాయుడు.