గంటా? గుదిబండా?

మా ఊళ్ళో చేలల్లో పడి మేసే దొంగగొడ్డుకు రెండే మందులు. ఒకటి మెడలో గంట, రెండోది గుదిబండ. గంట కడితే గొడ్డు ఎక్కడుందో తెలుస్తుంది. గుదిబండ కడితే అది పరుగెత్తలేదు. ఒకటి వార్త చెబుతుంది, ఇంకొకటి కాళ్ళకు అడ్డం పడుతుంది. ఈ రెండూ వేరువేరని చాలాకాలం అనుకున్నాను. కాదని మా చిన్నాన్న సంగతి వల్ల తెలిసింది.

నాకు పదేళ్ళప్పుడు ఊళ్ళో పొలాల మోటార్లు పోయాయి. అనుమానం మీద పోలీసులు చిన్నాన్నను తీసుకెళ్ళారు. తర్వాత అసలు దొంగలు దొరికారు, ఆయన్ను వదిలేశారు. అంతటితో అయిపోవలసింది. కాని ఆ పైన ఏడాదిపాటు ఒక కానిస్టేబులు అర్ధరాత్రి తలుపు తట్టి "వున్నాడా?" అని అడిగి వెళ్ళేవాడు. కొట్టలేదు, తిట్టలేదు, అడిగేవాడంతే. అప్పట్లో మా పొలాలకు కరెంటు రాత్రిపూటే వచ్చేది. మోటారు వెయ్యడానికి వెళితే, ఇంట్లో లేడని ఏం రాసుకుంటారోనని చిన్నాన్న మంచం దిగేవాడు కాదు. ఆ ఏడు ఆయన మడి ఎండిపోయింది. ఎవరూ ఆయన కాళ్ళు కట్టలేదు!

ఇవాళ ఆ కానిస్టేబులు రావలసిన పని కూడా లేదు. అగ్గిపెట్టంత యంత్రం చాలు. సైన్సు చదివేవాడికి చట్టం గొడవెందుకని మిత్రులు అడగవచ్చు. యంత్రం మనది కాబట్టి, దాని హద్దులు కూడా మనకు తెలియాలి.

యంత్రం సంగతి

ఉపగ్రహం పైనుంచి మనల్ని చూస్తూ వుంటుందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. జి.పి.యస్. ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ, తామున్న చోటునూ సరియైన కాలాన్నీ రేడియో తరంగాలలో పంపుతూ వుంటాయి. కింద వున్న గ్రాహకం కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతాలను అందుకుని, అవి ఎంతసేపటికి చేరాయో లెక్కగట్టి, తానెక్కడున్నదీ తెలుసుకుంటుంది. ఉపగ్రహానికి తిరిగి ఏమీ చెప్పదు. ఆ లెక్కను సిమ్‌కార్డు ద్వారా ఇంకొకరికి పంపినప్పుడే అది వెంటాడే యంత్రమవుతుంది. ఎవరికి పంపాలి, ఎన్నాళ్ళు పంపాలి అన్నది భౌతికశాస్త్రం చెప్పదు. చట్టం చెప్పాలి.

సుబ్బారావుగారి మాట

ఈ యంత్రాలేవీ లేనినాడే మన సుప్రీంకోర్టు ముందుకు ఈ ప్రశ్న వచ్చింది. ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఖరక్ సింగ్‌ను 1941లో ఒక దోపిడీ కేసులో పట్టుకుని, సాక్ష్యం లేక వదిలేశారు. అయినా పోలీసులు ఆయన పేర హిస్టరీ షీటు తెరిచారు. ఇంటిమీద నిఘా, రాత్రివేళ తలుపు తట్టడం, రాకపోకలు రాసుకోవడం మొదలైంది. చదువుతుంటే మా చిన్నాన్న కథే అనిపించింది.

1962 డిసెంబరులో ఆరుగురు న్యాయమూర్తులు తీర్పు చెప్పారు. రాత్రిపూట ఇంటికి రావడం చెల్లదని కొట్టేశారు. రాకపోకలు గమనించడం మాత్రం తప్పుకాదని నలుగురన్నారు. మన రాజమహేంద్రవరంలో పుట్టిన కోకా సుబ్బారావుగారు, షా గారు ఒప్పుకోలేదు. మనిషిని అడుగడుగునా కనిపెట్టి వుంటే మనసుకు సంకెళ్ళు పడతాయనీ, అటువంటి తిరుగుడు స్వేచ్ఛ అనిపించుకోదనీ సుబ్బారావుగారి వాదన. మా ఊరి మాటలో చెప్పాలంటే, మనిషికి కట్టిన గంటే గుదిబండ అవుతుంది.

అమెరికా అనుభవం

ఈ యంత్రాలు ముందుగా పోలీసుల చేతికి వచ్చిన అమెరికాలో కోర్టులు మెట్టుమెట్టుగా నడిచాయి. 1983లో నాట్స్ కేసులో, క్లోరోఫారం డబ్బాలో రేడియో బీపరు పెట్టి పోలీసులు కారును వెంబడించారు. నడిరోడ్డు మీద అందరికీ కనిపించేదే కదా, తప్పులేదంది కోర్టు. మరుసటి ఏడాది కారో కేసులో, అదే బీపరుతో ఇంటి లోపలి సంగతి వారంటు లేకుండా తెలుసుకోరాదంది.

2012లో జోన్స్ కేసు వచ్చింది. వారంటు పది రోజులకే, వాషింగ్టన్ ప్రాంతానికే ఇచ్చారు. పోలీసులు పదకొండో రోజున మేరీలాండ్‌లో జీపుకు యంత్రం తగిలించి 28 రోజులు కనిపెట్టారు. అది సోదా కిందికే వస్తుందని న్యాయమూర్తులందరూ ఏకగ్రీవంగా చెప్పారు. 2018లో కార్పెంటర్ కేసు. 127 రోజుల సెల్‌ఫోను టవర్ల వివరాలలో 12,898 చోట్ల జాడ దొరికింది. అంత సమాచారం తీసుకోవాలంటే మామూలుగా వారంటు వుండాలని కోర్టు తేల్చింది. మనిషి కానిస్టేబులుకు నిద్ర వస్తుంది, యంత్రానికి రాదు. ఈ తేడాను గుర్తించడానికి 35 ఏళ్ళు పట్టింది.

నేడు మన దేశంలో

2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు, ఏకాంతం మన ప్రాథమిక హక్కేనన్నారు. ఖరక్ సింగ్ తీర్పులో దానికి అడ్డొచ్చే భాగాన్ని తోసిపుచ్చారు. నాడు మైనారిటీగా మిగిలిన సుబ్బారావుగారి మాట 55 ఏళ్ళ తరువాత నెగ్గిందన్నమాట! ప్రభుత్వం ఆ హక్కులో చెయ్యిపెట్టాలంటే చట్టం వుండాలి, న్యాయమైన అవసరం వుండాలి, అవసరానికి మించకూడదు.

2024 జూలైలో ఫ్రాంక్ వైటస్ కేసు వచ్చింది. గూగుల్ మ్యాప్స్‌లో పిన్ను పెట్టి తానున్న చోటు దర్యాప్తు అధికారికి తెలిసేలా చెయ్యాలని బెయిలు షరతు. ఆ పిన్ను వల్ల ఎప్పటికప్పుడు జాడ తెలియదని గూగుల్ వారే కోర్టుకు విన్నవించారు. తెలిసేదే అయినా, బెయిలుపై వున్నవాడి ప్రతి కదలికనూ పోలీసులు కనిపెట్టే షరతు 21వ అధికరణానికి విరుద్ధమని సుప్రీంకోర్టు కొట్టేసింది.

పోలీసులకు యంత్రాలే వద్దని నేననను. మా మోటార్ల దొంగలను పట్టాలనే మేమూ కోరుకున్నాం. కాని కారణం కాగితం మీద పెట్టి, న్యాయమూర్తికి చూపి, ఇన్ని రోజులని గడువు రాయించుకోవడం పెద్ద కష్టమేమీ కాదు. గడువు తీరాక యంత్రం తీసెయ్యాలి.

రేపు ఈ యంత్రాలను తయారుచేసేది మనలాంటి సైన్సు విద్యార్థులే. అది ఎంత దూరం పనిచేస్తుందని అడిగినప్పుడే, ఎప్పుడు ఆగుతుందని కూడా అడుగుదాం. ఈ తీర్పుల సంగతి మొన్న సంక్రాంతికి చిన్నాన్నకు చదివి వినిపించాను. అంతా విని ఆయన ఒకే మాటడిగాడు: "ఇదంతా అప్పుడు ఎవరైనా చెప్పుంటే, నేను మడికి నీళ్ళు పెట్టుకునేవాణ్ణి కదరా?"