చెయ్యి చాచకండి

మొదటి మూడు రోజులు అది వాషింగ్ మెషిన్ వెనక నుంచి బయటికి రాలేదు.

హైదరాబాద్‌లో మా వీధి చివర మెకానిక్ షెడ్డు దగ్గర దొరికింది. ఆడ కుక్కపిల్ల. పశువుల డాక్టరుగారు పళ్లు చూసి రెండు నెలలుంటాయన్నారు. ఒళ్లంతా గజ్జి. దానికి మందనుకుని ఎవరో పుణ్యాత్ములు పాత ఇంజనాయిల్ పోశారు. మన దగ్గర ఇదొక పాడు వైద్యం. గజ్జి తగ్గదు సరికదా, కుక్క ఒళ్లు నాక్కుంటే ఆ విషమంతా కడుపులోకి పోతుంది. ముందు కొబ్బరినూనె పట్టించి, జిడ్డు వదిలాక గోరువెచ్చని నీళ్లతో, సబ్బుతో కడగాలి. మాకు మూడు విడతలు పట్టింది. తువ్వాలు నల్లగా అయిపోయింది. మా ఆవిడ దాన్ని పారేయకుండా ఉతికి దాచింది. ఎందుకో నేను అడగలేదు.

మేం దాన్ని పెంచుకోవడానికి తెచ్చుకోలేదు. కోలుకునే దాకా ఉంచుకుని, మంచి ఇల్లు దొరికితే పంపించేయాలి. ఫోస్టర్ అంటే అంతే, మధ్యలో ఒక మజిలీ. నట్టల మందు, గజ్జి మందు, ఆపైన పార్వో వైరస్ జబ్బు రాకుండా 16 వారాలు నిండే దాకా మూడు నాలుగు వారాలకోసారి టీకా. ఆ టీకాలు పూర్తయ్యే వరకు వీధిలో కాలు పెట్టనివ్వకూడదు. ఇదంతా డబ్బుతో, క్యాలెండరుతో అయ్యే పని.

కానిది ఇంకొకటుంది.

నేను కాలేజీల్లో వ్యక్తిత్వ వికాసం తరగతులు చెబుతాను. భయాన్ని జయించడం ఎలాగో రెండు గంటలు ఆగకుండా చెప్పగలను. ఆ ధీమాతోనే మెషిన్ ముందు గొంతుకూర్చుని, చెయ్యి చాచి ‘దా, దా’ అని పిలిచాను. అది గోడకు అతుక్కుపోయి అక్కడే ఉచ్చ పోసేసింది. డాక్టరుగారికి ఫోన్ చేస్తే నవ్వి, “గిన్నె పెట్టేసి ఇవతలికి వచ్చేయండి సార్. దాని పని దాన్ని చేసుకోనివ్వండి” అన్నారు.

నాలుగో రోజు పెరుగన్నం గిన్నె మెషిన్‌కు జానెడు దూరంలో పెట్టాం. ఐదో రోజు మూరెడు. ఏడో రోజు వంటింటి గడప దగ్గర. తొమ్మిదో రోజు నేను వీపు అటు పెట్టి పేపరు చదువుతుంటే చీలమండకు చల్లగా ఏదో తగిలింది. ముక్కు. వెనక్కి తిరిగి చూడకుండా ఉండడానికి నేను పడ్డ అవస్థ చెప్పలేను.

ఆ చల్లని ముక్కు నాకొక పాత పాఠాన్ని గుర్తు చేసింది. అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో 1960లలో మార్టిన్ సెలిగ్మన్, స్టీవెన్ మేయర్ కుక్కల మీద చేసిన ప్రయోగాల గురించి ఏళ్ల తరబడి క్లాసులో చెబుతున్నాను. తప్పించుకునే దారి లేకుండా కరెంటు షాకులు తిన్న కుక్కల్లో చాలా మటుకు, తర్వాత దారి దొరికినా, చిన్న అడ్డు దూకితే చాలన్నా, ఉన్నచోటే పడుకుండిపోయాయి. క్రూరమైన ప్రయోగం. చెప్పేటప్పుడు నాకే గొంతు తడబడుతుంది. దీనికి వాళ్లు ‘నేర్చుకున్న నిస్సహాయత’ అని పేరు పెట్టారు. నేనెప్పుడూ కథను అక్కడితో ఆపేసేవాణ్ని. తర్వాతి ముక్క ఏమిటంటే, అవతల తిండి పెట్టినా ఆ కుక్కలు రాలేదు. మెడకు తాడు కట్టి లాగి పదే పదే అడ్డు దాటిస్తే, అప్పుడు వాటంతట అవే దూకడం మొదలుపెట్టాయి. ఎన్ని మాటలు చెప్పినా పుట్టని నమ్మకం కాళ్లు కదిలాక పుట్టింది. 2016లో ఆ ఇద్దరే తమ సిద్ధాంతాన్ని తిరగేశారు. దెబ్బ మీద దెబ్బ తగిలితే చతికిలపడడం ప్రాణికి సహజమట. నేర్చుకోవలసింది ‘నేను చేస్తే జరుగుతుంది’ అన్న సంగతేనట.

మా అక్క కొడుకు రెండు సబ్జెక్టులు తప్పి ఏడాదిగా గదిలోంచి కదలడం లేదు. వాడికి నేను పంపిన స్ఫూర్తి వీడియోలకు లెక్కలేదు. ఇవన్నీ మెషిన్ ముందు నేను చాచిన చెయ్యి లాంటివేనని ఆలస్యంగా అర్థమైంది. మొన్న వీడియో పంపకుండా, “రెండు రోజులు ఊరెళ్తున్నాం, దీనికి గిన్నె పెట్టాలి, వస్తావా?” అని అడిగాను. వచ్చాడు. తిరిగొచ్చేసరికి ఫ్రిజ్ మీద కాగితం అంటించి ఉంది. ఎన్నింటికి తిన్నది, ఎంత తిన్నది, మందు ఎప్పుడు వేసింది, అన్నీ రాశాడు. సబ్జెక్టుల సంగతి ఇద్దరమూ ఎత్తలేదు.

గజ్జి పోయి కొత్త బొచ్చు వచ్చాక తెలిసింది దాని అసలు రంగు. బెల్లం రంగు. పేరూ అదే. ఇప్పుడు నాలుగు నెలలు నిండవచ్చాయి. ఫోన్లు వస్తూనే ఉన్నాయి. ‘ఏ జాతి?’ అంటారు, వీధి కుక్క అంటే కొందరు పెట్టేస్తారు. ఆడది అంటే ఇంకొందరు. ఆరు నెలలకు ఆపరేషన్ చేయిస్తే పిల్లల బెడద ఉండదని చెప్పేలోపే లైన్ కట్. డాబా మీద గొలుసుకు కట్టేస్తామన్న వాళ్లకు నేనే వద్దన్నాను.

ఈ ఆదివారం ఒక కుటుంబం చూడటానికి వస్తోంది. వాళ్లకు ముందే చెప్పి ఉంచాను: కింద కూర్చోండి, కాఫీ తాగుతూ మనం ఏవో కబుర్లు చెప్పుకుందాం, దాని వైపు మాత్రం చెయ్యి చాచకండి.