కాగితం ఆజ్ఞలిస్తే?

మన పెడనలో కలంకారీ అద్దకం చూడని వారుండరు. చెక్క అచ్చుకు రంగు అద్ది బట్టపై ఒత్తుతారు. ఆ పువ్వు తనంత తాను ఏ పనీ చేయదు. జకార్డు మగ్గానికి తగిలించే చిల్లుల అట్ట అలా కాదు. ఏ పడుగు దారం లేవాలో, ఏది ఆగాలో ఆ చిల్లులే మగ్గానికి చెబుతాయి.

మరి కంప్యూటరులో మీరు తెరిచే పి.డి.ఎఫ్. పత్రం ఈ రెండింటిలో ఏది? పైకి అద్దకపు బట్టలా కనిపిస్తుంది. కాని దానిలో చిల్లుల అట్ట కూడా దాగి ఉండవచ్చు!

పి.డి.ఎఫ్.ను 1993లో అడోబీ సంస్థ ప్రవేశపెట్టింది. తరువాత దానిలో జావాస్క్రిప్ట్ అనే భాషలో ఆజ్ఞలు రాసే వీలు కల్పించింది. ఇది మంచికే. దరఖాస్తులో మార్కులు నింపగానే మొత్తం దానంతట అదే పడుతుంది. ఈ ఆజ్ఞలను అమలు చేసేది పత్రాన్ని చూపించే రీడరు. మీ ఇతర ఫైళ్ల జోలికి పోకుండా హద్దులు కాసేదీ అదే.

ఆ కాపలాదారులోనే లోపం ఉంటే? 2008లో అడోబీ రీడరులో అలాంటిదొకటి బయటపడింది. సంఖ్యను అచ్చుకు తగినట్లు తీర్చే ఒక ఆజ్ఞ ఉంది. దాని ఫలితానికి మెమరీలో కొంత చోటు కేటాయించారు; వచ్చేది అందులో పడుతుందో లేదో సరిగా కొలవలేదు. కాలువలో పట్టనంత నీరు వదిలితే గట్టు పొర్లి పక్క పొలంలో పడుతుంది కదా! ఇక్కడ ఆ పక్క పొలంలో రీడరు తరువాత ఏం చేయాలో తెలిపే గుర్తులున్నాయి. దుండగుడు వాటిపై తన గుర్తులు పడేలా పత్రం తయారుచేస్తాడు. దానిని తెరిస్తే చాలు, కంప్యూటరు అతని మాట వింటుంది.

నెట్ సెంటరులో ఒకే కంప్యూటరుపై ఎందరో ఉపకారవేతనాల దరఖాస్తులు నింపుతారు. ఒకరు తెరిచిన పత్రం వల్ల అందరి ఆధార్ నకళ్లకూ, పాస్‌వర్డులకూ ముప్పే.

ఆ లోపాన్ని 2008 నవంబరులో సరిచేశారు. 2010లో వచ్చిన కొత్త రీడరులో, రీడరునే కంచె లోపల నడిపే ఏర్పాటు చేశారు. అయినా సరిచేసిన కొత్త రూపాన్ని ఎప్పటికప్పుడు ఎక్కించుకోకపోతే ఫలితం లేదు. తెలియని వారు పంపిన పత్రాన్ని తెరవకండి. అవసరం లేకపోతే జావాస్క్రిప్ట్‌ను ఆపివేయండి. అంతటితో అన్ని ప్రమాదాలూ పోవు. 2009లో బొమ్మలను చదివే భాగంలోనూ లోపం బయటపడింది.

ఆలోచించండి: జావాస్క్రిప్ట్ ఆపాక దరఖాస్తులో మార్కుల మొత్తం పడలేదు. అక్షరాలు మాత్రం కనిపిస్తూనే ఉన్నాయి. ఎందుకని?