బొటనవ్రేలి నుండి రావలసిన వార్త

గత వేసవిలో మిట్టమధ్యాహ్నం ప్రదక్షిణ ముగించి మండపంలో కూర్చున్నాను. "తాతగారూ, అరికాలు బొబ్బెక్కింది, నొప్పిగా లేదా?" అని మనుమరాలు అడిగేవరకు నాకు తెలియనే లేదు. ఇరవై ఏండ్లుగా మధుమేహం ఉన్నవాడను. రాయి కాల్చిన వార్త నాకెందుకు చేరలేదో తెలుసుకోగోరి, వైద్యవిద్య చదువుతున్న ఆ బాలిక వద్దనే శిష్యరికం చేశాను.

సంస్కృతంలో నాడి అంటే గొట్టం. ఆ అర్థాన్ని నమ్మి నరంలో ఏదో ప్రవహిస్తుందని ఇన్నాళ్ళూ అనుకొన్నాను. (యోగశాస్త్రపు నాడులు వేరు. రెండింటినీ ముడివేయడం నాకు సమ్మతం కాదు.) నరమంటే నాడీకణాల తంతువుల కట్ట. సాధారణంగా నాడీకణానికి కేంద్రకం గల కణదేహం, వార్తను గ్రహించే డెండ్రైట్లనే కొమ్మలు, దానిని మోసుకుపోయే ఆక్సాన్ అనే తోక ఉంటాయి. కణానికీ కణానికీ నడుమ సినాప్స్ అనే సూక్ష్మమైన సందు. దానిని వార్త ప్రాయికంగా రసాయన రూపంలో దాటుతుంది. కణాలన్నీ అతుకులేని ఒకే వల అని ఇటలీ పండితుడు గోల్జీ మతం. ఆయన కనిపెట్టిన వెండి రంగుతోనే పరీక్షించి, అవి విడివిడి కణాలని స్పెయిన్ దేశీయుడు కహాల్ వాదించాడు. 1906లో నోబెల్ బహుమతి ఇద్దరికీ కలిపి ఇచ్చారు. మన వాదసభల్లో అట్టి సత్కారం అరుదు.

బొటనవ్రేలి స్పర్శను తెలిపే కణపు దేహం వ్రేలిలో లేదు. నడుము వద్ద వెన్నెముక ప్రక్కన ఉంది! దాని కాడ రెండుగా చీలి, ఒక పాయ వ్రేలికి, మరొకటి వెన్నుపాముకు పోతుంది. వ్రేలికి పోయే పాయ పొడవు సుమారు ఒక మీటరు. కొన్ని తంతువులపై మయలిన్ అనే క్రొవ్వు తొడుగు ఉంటుంది. తొడుగు తెగిన చోటు నుండి మరొక చోటికి వార్త దుముకుతూ వేగంగా వస్తుంది. కాలిన రాతిపై ముందు చురుక్కుమనేది అట్టి తంతువుల పని. వెనుక వచ్చే మంట తొడుగు లేనివాటిది, సెకనుకు సుమారు ఒక మీటరు నడక.

తంతువుకు కావలసిన మాంసకృత్తులు అధికభాగం కణదేహంలోనే తయారై అంత దూరమూ ప్రయాణించాలి. రక్తంలో చక్కెర ఏండ్ల తరబడి హెచ్చుగా ఉంటే తంతువులూ, వాటిని పోషించే సన్నని రక్తనాళాలూ చెడతాయి. మిక్కిలి పొడవైన తంతువులే ముందు దెబ్బతింటాయి. అందుచేతనే తిమ్మిరి కాలివ్రేళ్ళ కొనల వద్ద మొదలవుతుంది.

నా బొబ్బ మానడానికి ఆరు వారాలు పట్టింది. ఇప్పుడు ప్రదక్షిణ తెల్లవారుజామునే. ఇంటికి రాగానే అద్దం పెట్టి అరికాళ్ళు చూచుకొంటాను. మధుమేహమున్న యాత్రికులు ఎండవేళ గోనెపట్టా పరచిన దారిని వదలకండి. నొప్పి లేదు కదా అని పుండును ఉపేక్షించక, ఆనాడే వైద్యునికి చూపండి.