చాలును అను మాట నేర్చుకొనుట

పాఠ్యభాగములు: 2 రాజులు 4:1–7, ఫిలిప్పీయులకు 4:10–18, 1 తిమోతి 6:6–10



2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను మన పలాస సమీపమున తీరము దాటిన సంగతి మీలో ఎవరును మరువలేదు. ఉద్దానము అను పేరు ఉద్యానవనము అను మాటనుండి వచ్చినదని పెద్దలు చెప్పుదురు. ఆ ఉద్యానవనము కొన్ని గంటలలోనే నేలకు ఒరిగెను. తాతలు నాటిన కొబ్బరి చెట్లు, తండ్రులు పెంచిన జీడి తోటలు కూలిపోయెను. తరువాతి దినములలో మేము ఇంటింటికి వెళ్లి ప్రార్థించుచు, కలిగినదానితో తృప్తిపొంది యుండుడని చెప్పుచుంటిమి. నలువదియైదేండ్ల సహోదరుడొకడు పడిన మ్రానుమీద కూర్చుండి మమ్మును ఇట్లడిగెను: "అయ్యగారూ, ఉన్నదాంతో తృప్తి పడమంటన్నారు. నాకు ఉన్నదేటి? అప్పే ఉన్నాది. అప్పుతో తృప్తి పడమంటారా?"

ఆ దినమున మేము బదులు చెప్పలేకపోతిమి. ప్రార్థన చేసి వచ్చితిమి గాని ఆ ప్రశ్న మాతోకూడ ఇంటికి వచ్చెను. ఈ పాఠము ఆ సహోదరునికి మేము బాకీపడిన జవాబు.

1. నడివయస్సు భారము

ముప్పది యేండ్లవాడు నష్టపోయినయెడల మరల సంపాదింతునని లేచును. అరువది యేండ్లవాడు బరువును కుమారులకు అప్పగించును. నలువది, ఏబది మధ్యనున్న వానికి ఈ రెండు దారులును ఇరుకే. ఒకవైపు తలిదండ్రుల మందులు, మరియొకవైపు పిల్లల ఫీజులు, పెండ్లిండ్లు. మన కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు ప్రాంతములలో మూత్రపిండముల వ్యాధి అనేకుల ఇండ్లలో ప్రవేశించినది. దాని కారణము నేటికిని పూర్తిగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రమును ఆసుపత్రియు ప్రారంభమైనవి. అందుకై దేవునికి స్తోత్రము. అయినను మంచమున పడినవాడు పోగొట్టుకొన్న కూలి దినములను ఎవరు తిరిగి ఇత్తురు?

కొబ్బరి మొక్క నాటిన ఆరేడు సంవత్సరములకు గాని కాపునకు రాదు. నలువదియైదేండ్ల వయస్సున మొక్క నాటినవాడు ఏబదిరెండేండ్లకు కాయ చూచును. అట్టివానితో తృప్తిని గూర్చి మాటలాడునపుడు మనము మెల్లగా మాటలాడవలెను.

2. పౌలు నేర్చుకొన్న పాఠము

పౌలు ఫిలిప్పీ సంఘమునకు ఈ మాటలు వ్రాసినది బంధకములలో నుండియే. ఏ స్థితిలోనైనను తృప్తి కలిగియుండుట తాను నేర్చుకొన్న సంగతి అని చెప్పుచున్నాడు. నేర్చుకొన్నదనగా పుట్టుకతో వచ్చినది కాదు. లేమియందును సమృద్ధియందును దినదినము అభ్యసించి సంపాదించిన పాఠమది.

మరియొక సంగతి గమనించుడి. అదే అధ్యాయములో ఎపఫ్రొదితు చేత వారు పంపిన సహాయమునకు ఆయన సంతోషించుచున్నాడు. కాబట్టి తృప్తి అనగా సహాయమును త్రోసివేయుట కాదు. అన్యాయమును చూచి మౌనముగా నుండుటయు కాదు. కాశీబుగ్గలో జీడిపిక్కలు కొట్టు సహోదరి తన న్యాయమైన కూలి అడిగినయెడల అది ధనాపేక్ష కాదు. పట్టిన కూలి దేవుని చెవికి మొరపెట్టునని యాకోబు వ్రాసెను (5:4). తిమోతికి వ్రాసిన పత్రికయందు పౌలు ఖండించినది ధనమును కాదు, దానిమీది ఆశను.

3. విధవరాలి నూనె

ఎలీషా యొద్దకు వచ్చిన విధవరాలి ఇద్దరు కుమారులను అప్పులవాడు దాసులనుగా పట్టుకొనిపోవ వచ్చెను. ప్రవక్త ఆమెతో ఓర్చుకొనుమని చెప్పలేదు. ఇంటిలో మిగిలినదేమని అడిగెను. పిమ్మట ఇరుగుపొరుగువారి పాత్రలు తెప్పించెను. నూనె నిండిన తరువాత చెప్పిన క్రమము ముఖ్యము: అమ్ముట, అప్పు తీర్చుట, మిగిలినదానితో బ్రదుకుట. దీనినుండి మనకు నాలుగు సంగతులు:

మొదటిది, ఇంటిలోని లెక్క. భార్యాభర్తలు కూర్చుండి ప్రతి అప్పును, ప్రతి నోటును ఒక కాగితముపై వ్రాయవలెను. ఇది చెప్పుటకు సిగ్గుపడుచున్నాము: మేమును ఒక ప్రామిసరీ నోటు సంగతి రెండేండ్లు ఇంటిలో చెప్పక దాచితిమి. దాచిన అప్పు నిద్రను తినును. చెప్పిన దినముననే మా ఇంట సమాధానము కలిగెను, అప్పు తీరినది మాత్రము చాల కాలమునకు.

రెండవది, వడ్డీ. నూటికి నెలకు 2 రూపాయలనగా లక్షకు సంవత్సరమునకు 24,000. నాలుగేండ్ల రెండు నెలలలో వడ్డీయే అసలంత అగును. బ్యాంకు పంట ఋణము 3 లక్షలవరకు గడువులోపల తీర్చిన రైతునకు రాయితీ పోగా సంవత్సరమునకు నూటికి 4 రూపాయలే పడును. హెచ్చు వడ్డీ అప్పును ముందుగా తీర్చుడి.

మూడవది, పంట సొమ్ము. జీడిపిక్కలు మార్చి మొదలు మే వరకు చేతికి వచ్చును. ఖర్చు పన్నెండు నెలలది. 80 కిలోల బస్తాలు అమ్మిన దినముననే ఆ సొమ్మును పన్నెండు పాళ్లు చేయుడి. క్రిస్మసు వస్త్రములకు, పెండ్లి విందులకు వడ్డీకి తేకుడి. కాపరులముగా మరియొక మాట: మందిర కానుకకై కూడ అప్పు చేయవద్దు. కలిమికొలదియే దేవుడు అంగీకరించునని పౌలు బోధించెను (2 కొరింథీ 8:12).

నాలుగవది, రేపటి భద్రత. నలువది దాటినవారికి అటల్ పెన్షన్ యోజనలో చేరు వీలు లేదు. మీ పిల్లలను చేర్చుడి. ఏబది యేండ్లలోపు వారు సంవత్సరమునకు 436 రూపాయలతో ప్రధానమంత్రి జీవనజ్యోతి బీమాలో చేరవచ్చును. మరణము సంభవించినయెడల కుటుంబమునకు 2 లక్షలు అందును. ఇది అవిశ్వాసము కాదు. ఏడు సమృద్ధి సంవత్సరములలో యోసేపు ధాన్యము కూర్చెను.

ముగింపు

ఆ సహోదరుడు చెన్నపట్నము వెళ్లి మూడేండ్లు కూలి చేసి వచ్చెను. తుపాను తరువాత నాటిన మొక్కలు ఇప్పుడు కాపు పట్టినవి. అప్పు సగమునకు పైగా తీరినది, కొంత ఇంకను ఉన్నది. మొన్న ఆయన మొదటి గెలనుండి రెండు కాయలు మాకు తెచ్చియిచ్చెను. మేమును మా జవాబు చెప్పితిమి: అప్పుతో తృప్తిపడవద్దు. దేవుడు నిన్ను విడువలేదన్న సంగతితో తృప్తిపడి, ఆ బలముతో అప్పు తీర్చుము. ఆయన నవ్వి, "ఈ మాట అప్పుడు సెప్పుంటే బాగున్ను, అయ్యగారూ" అనెను. అది న్యాయమైన మాటయే.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మన ఇంటిలో ఎవరికిని చెప్పని అప్పు ఏదైన కలదా?
2. మన ఖర్చులలో అవసరమైనవి ఏవి, పదిమంది చూచుటకై చేయుచున్నవి ఏవి?
3. ఇరుగుపొరుగున పాత్ర కావలసిన విధవరాలు ఎవరు? మనము ఇయ్యగల పాత్ర ఏది?

ప్రార్థన: తండ్రీ, మాకు చాలినదేదో మాకు తెలియజేయుము. బాకీలు తీర్చుటకు ఓపికను, పొరుగువానికి చేయి చాచుటకు మనస్సును దయచేయుము. యేసు నామమున, ఆమేన్.