చిన్న ఫోన్ కొనే ముందు

కడప,
14 సెప్టెంబరు 2025.

చిరంజీవి తమ్మునికి,

పెద్ద ఫోన్ పక్కన పెట్టి బటన్ల ఫోన్ కొనుక్కుంటానని నువ్వు చెప్పినప్పుడు మీ బావ "నాలుగు రోజుల ముచ్చటలే" అన్నాడు. నేనట్లా అనుకోలేదు. బ్యాంకు పరీక్షలకని నంద్యాలలో రూము తీసుకొని, రాత్రి పదికి పుస్తకం మూసి రీల్స్ తెరిస్తే ఒంటిగంట దాటిపోతోందని నోరు తెరిచి చెప్పావంటే, లోపల ఎంత నలిగి ఉంటావో నాకు తెలుసు. కొనుక్కో. నా మాట అదే. కాకపోతే ముందు ఆలోచించాల్సినవి కొన్ని ఉన్నాయి. ఫోన్లో చెప్తే సగం గాలికి పోతాయని ఉత్తరం రాస్తున్నా.

చిన్న ఫోన్ పట్టుకుంటే నలుగురూ ఏమనుకుంటారో అని మాత్రం వెనకాడొద్దు. మన సీమలో సేద్యం చాలావరకు దాని మీదే నడుస్తోంది. నాయననే చూడు. బోరు స్టార్టర్ డబ్బాలో సిమ్ వేయించినప్పటి నుంచి, త్రీఫేజు కరెంటు ఏ వేళప్పుడు వచ్చినా మంచం మీది నుంచే ఆ నంబరుకు ఫోన్ కొడతాడు, చేన్లో మోటారు ఆడుతుంది. అంతకుముందు ఆయన చేతిలో నోకియా 1100 ఉండేది. 2003లో వచ్చిన ఆ ఫోన్ ప్రపంచమంతా కలిపి 25 కోట్లకు పైగా అమ్ముడుపోయిందంటారు. మన ఊరోళ్లు మాట్లాడేదానికి ఎంత ఇష్టపడి కొన్నారో, దాని నెత్తిన ఉన్న టార్చి కోసమూ అంతే ఇష్టపడి కొన్నారు. అర్ధరాత్రి నీళ్లు కట్టడానికి గెనాల మీద నడిచేటోళ్లకు పురుగూ పుట్రా కనబడాలి కదా.

నన్ను ఆలోచనలో పడేసింది వేరే సంగతి. మన ఇంటికి స్మార్ట్‌ఫోన్ అంటే నువ్వే. అమ్మ ఫోన్ మీద అంకెలు ఎప్పుడో అరిగిపోయాయి. రెండో అంకె ఎక్కడుంటుందో వేలికి తెలుసు, దాన్ని గట్టిగా నొక్కి పట్టుకుంటే నీకు కాల్ పోతుంది. ఏ పని వచ్చినా ఆమె చేసేది అదొక్కటే. నాయన ఆధార్, పాసుపుస్తకం, బ్యాంకు పుస్తకం ఫొటోలన్నీ నీ దగ్గరే ఉన్నాయి. పీఎం కిసాన్ ఈ-కేవైసీ చేసింది నువ్వే. మొన్న ఆగస్టు 2న అన్నదాత సుఖీభవ మొదలైనప్పుడు, కేంద్రం డబ్బుతో కలిపి రూ.7,000 పడ్డాయో లేదో నంద్యాలలో కూర్చొని చూసి చెప్పిందీ నువ్వే. ఈ జనవరి 30న ప్రభుత్వం మన మిత్ర అని 161 సేవలు వాట్సాప్‌లో పెట్టింది. సర్టిఫికెట్ కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తగ్గడం మంచిదే, నేను మెచ్చుకుంటా. అయితే వాట్సాప్ లేని ఇంటికి ఆ మేలు చదువుకున్న బిడ్డ ద్వారానే అందుతుంది. అమ్మా నాయనా ఇన్నాళ్లూ చిన్న ఫోన్లతో నిశ్చింతగా ఉన్నారంటే, వెనక నీ పెద్ద ఫోన్ ఉండబట్టే.

నువ్వు కూడా చిన్న ఫోన్‌కు వస్తే ఆ పనులన్నీ ఎవరి మీద పడతాయి? నా మీద పడతాయి. సంతోషంగా చేస్తా. కానీ చెప్పి అప్పగించు: ఇవి ఇకమీదట అక్క చూస్తుందని అమ్మానాయనలకు చెప్పు, కాగితాల ఫొటోలన్నీ నాకు పంపు. ఆ రెండో అంకె మీద నా నంబరు పెట్టు. రూములో ఉన్న స్నేహితుడి మీద మాత్రం ఏ పనీ వేయొద్దు. మెస్సు డబ్బులకు వాడు స్కాన్ చేయడం, నోటిఫికేషన్ వాడు చూసి చెప్పడం, బస్సు టికెట్ వాడు తీయడం మొదలైతే, నీకు మిగిలిన టైము వాడి టైములోంచి తీసుకున్నదే అవుతుంది. వాడూ పరీక్షకు చదివే పిల్లోడే. దీంట్లో నేను కఠినంగానే ఉంటా.

డబ్బు పంపడానికి దారి ఉంది. 2022 మార్చి 8న రిజర్వు బ్యాంకు యూపీఐ 123పే అని మొదలుపెట్టింది. నెట్ లేని ఫోన్ నుంచి కాల్ చేసి, అది అడిగినదానికి అంకెలు నొక్కి, పిన్ కొడితే డబ్బు పోతుంది. ఒక్కోసారికి రూ.10,000 దాకా పంపొచ్చు. స్కాన్ చేసినంత సులువుగా ఉండదు, అందుకే జేబులో నాలుగు నోట్లు పెట్టుకో. నీది జియో సిమ్, దానికి 2జీ లేదు. చవగ్గా వస్తోందని 2జీ ఫోన్ కొంటే ఆ సిమ్ పనిచేయదు, 4జీ బటన్ల ఫోనే అడుగు. రీచార్జికి డేటా ప్యాక్ అక్కర్లేదు. కాల్స్, ఎస్సెమ్మెస్‌లకే విడిగా ప్యాకులు పెట్టాలని 2024 డిసెంబరులో ట్రాయ్ చెప్పాక అన్ని కంపెనీలూ తెచ్చాయి. బ్యాంకుకూ ఆధార్‌కూ ఇచ్చిన నంబరు నీ దగ్గరే ఉండనీ, ఓటీపీ చిన్న ఫోన్‌కూ వస్తుంది. మాక్ టెస్టులు కోచింగ్ సెంటర్ కంప్యూటర్ మీదో, నెట్ సెంటర్లోనో రాయి. అసలు పరీక్ష రాసేది కంప్యూటర్ మీదే కాబట్టి చెయ్యి దానికే అలవాటు పడాలి.

ఇక ఆ పాత ఫోన్. దాన్ని అమ్మొద్దు, రూములో పెట్టెలోనూ దాచొద్దు. దగ్గర ఉంటే చెయ్యి పోతుంది. అమ్మకివ్వు.

కువైట్ చిన్నమ్మకు తీరిక దొరికేది శుక్రవారమే. ఐఎంవో యాప్‌లో ఆమె చేసే వీడియో కాల్ కోసం అమ్మ ప్రతి వారం ఎదురింటికి పోతుంది. వాళ్లు మంచోళ్లే, ఎప్పుడూ విసుక్కోలేదు. కానీ వాళ్ల వరండాలో, వాళ్ల పిల్లలు తొంగిచూస్తుంటే, చెల్లెలి మొహం చూసి ఏడుపొచ్చినా అమ్మ ఆపుకుంటుంది. "అంతా బాగుండాం" అని రెండు మాటలు చెప్పి లేచొస్తుంది. మన రాజంపేట, రాయచోటి వైపు ఇట్లా పరాయి ఫోన్లలో మాట్లాడుకునే అక్కచెల్లెళ్లు ఎంతమందో. ఎవరూ లేనప్పుడు, తలుపు దగ్గరేసుకొని, మనసులో ఉన్నది చెప్పుకోవాలని ఆమెకు ఉండదా? నీకు ఆ ఫోన్ నిద్ర పాడుచేసింది. ఆమె చేతిలో అది చెల్లెల్ని చూపిస్తుంది.

మైదుకూరులో ఆమె పేరు మీదే ఒక సిమ్ తీసిపెడతా. నువ్వు ఫోన్లో నీ ఖాతాలన్నీ తీసేసి, రీల్స్ వచ్చే యాప్‌లు తొలగించి, అక్షరాలు పెద్దవి చేసి పెట్టు. ఐఎంవోలో చిన్నమ్మ ఫొటో పెట్టు, అమ్మ పేరు చదవలేదు కానీ మొహం చూసి నొక్కుతుంది. కాల్ వస్తే పచ్చ గుర్తును ఎట్లా జరపాలో ఆమె చేత పదిసార్లు చేయించు, విసుక్కోవద్దు. చార్జర్ మర్చిపోవద్దు. ఈసారి దసరా గురువారం వచ్చింది, మర్నాడే శుక్రవారం. ఆ రోజు నేరుగా అమ్మ నంబరుకే చేయమని చిన్నమ్మకు చెప్పి ఉంచుతా.

ఇట్లు,
నీ అక్క